చూసింది చూసినట్టు

"నీకు చెప్పడం, గోడకు చెప్పడం ఒకటే అయిపోయింది," అన్నాడు పెద్దకొడుకు. "కళ్ళు సరిగా ఆనలేదని చెప్పు. చేతులనిండా సబ్బు నురగ, అటు చూడలేదని చెప్పు. అంతే. ఇంటికి వెళ్ళిపోదాం."

కోర్టు వరండాలో బల్ల మీద కూర్చున్న ముసలావిడ మనవరాలిని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది. తల్లి పోయేనాటికి పొత్తిళ్ళలో ఉన్న పిల్ల అది. ఇప్పుడు అడుగులు వేస్తోంది గానీ మాటలు ఇంకా రాలేదు.

"కళ్ళు బాగానే ఆనాయి," అంది.

"ఆనితే ఆనాయిలే! పోయిన మనిషి తిరిగొస్తుందా? వాడు జైలుకు పోతే దీనికి తండ్రి కూడా లేకుండా పోతాడు. రేపు నీకేదైనా అయితే దీన్నెవరు పెంచుతారు?"

"నువ్వు పెంచవా?"

పైన ఫ్యాను, తాను తిరుగుతున్న సంగతి ఊరందరికీ తెలియాలన్నట్టు చప్పుడు చేస్తోంది. అతను జేబులోంచి ఫోను తీసి తల్లి చెవి దగ్గర పెట్టాడు.

"చెల్లి. మాట్లాడు."

"అమ్మా," కూతురి గొంతు అప్పటికే ఏడ్చి ఏడ్చి జీరబోయి ఉంది. "మా అత్తగారి ముందు తలెత్తుకోలేకపోతున్నానే. మళ్ళీ పేపర్లో మన ఇంటి సంగతి వస్తే నన్ను బతకనిస్తారా? నువ్వు గనక ఆ బోనెక్కితే నాకు అమ్మ లేదనుకుంటాను."

"సరేనమ్మా. ఏమైనా తిన్నావా?"

అటునుంచి ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

"విన్నావుగా," అన్నాడు పెద్దకొడుకు. "నీకు మిగిలేది మేమిద్దరమే. మేమూ ఉండం. ఆలోచించుకో."

అతను అవతలి స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ప్రభుత్వం తరఫున వాదిస్తున్న ప్లీడరమ్మ వచ్చి బల్ల మీద పక్కనే కూర్చుంది. పొద్దుటి నుంచి కేసుల మీద కేసులు నడిపి ఆవిడ గొంతు బొంగురుపోయింది.

"పెద్దమ్మా, అవతలి ప్లీడరు మీకు చూపు లేదంటాడు, మతి లేదంటాడు, ఎవరో నేర్పించారంటాడు. మీరు తడబడకండి. చూసినవాళ్ళు మీరొక్కరే. మీరు చెప్పకపోతే మెట్లు తడిగా ఉండి జారిపడిందనే రాసుకుంటారు." ఆవిడ చేతిలోని కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. "ఇప్పుడైనా వెనక్కి తగ్గుతానంటే నేను తప్పు పట్టను."

"పోయిన ఆ పిల్లకు నేను తప్ప ఎవరున్నారమ్మా? వంటింట్లో నా వెనకాలే తిరిగేది. నవ్విందంటే వీధి చివరికి వినపడేది. పోనుపోను ఆ నవ్వు తగ్గిపోయింది. అడిగితే నిద్ర చాలలేదనేది."

ప్లీడరమ్మ తల ఊపింది.

"కాన్పుల వార్డులో నర్సుగా చేశాను నేను," అంది ముసలావిడ. "బిడ్డను చేతికివ్వగానే ప్రతి తల్లీ వేళ్ళన్నీ ఉన్నాయా అని చూసుకుంటుంది. పాలు తాగుతుందా, బరువుందా అని అడుగుతుంది. మంచి మనిషి అవుతాడా అని ఒక్కరూ అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెబుతాం? వాణ్ణి కన్నదీ అలాగే వేళ్ళు చూసుకుని మురిసిపోయి ఉంటుంది."

ప్లీడరమ్మ లేచి, నల్లకోటు సర్దుకుంటూ లోపలికి వెళ్ళింది.

ముసలావిడకు ఆశలేమీ లేవు. సాక్ష్యం చెప్పినా పోయిన పిల్ల రాదు, చెప్పకపోతే తనకు నిద్ర రాదు. పిల్లలకు దెబ్బ తగలకుండా అడ్డం నిలబడటమే తల్లి పని అనుకుంటూ ఇంతకాలం బతికింది. ఆ రోజు మాత్రం అడ్డం వెళ్ళేలోపే అంతా అయిపోయింది. ముగ్గురిని కంది. ఈ పూటతో ముగ్గురూ పోతారు. ఇంత చాకిరీ చేసి చివరికి ఖాళీ ఒడితో మిగలడమేనా అనిపించింది ఆమెకు.

బంట్రోతు గుమ్మంలోకి వచ్చి ఆమె పేరు కేకేశాడు.

పిల్లను అందుకోమన్నట్టు ఆమె పెద్దకొడుకు వైపు చూసింది. అతను చేతులు చాపలేదు. మెట్లు దిగి, వెనక్కి తిరగకుండా గేటు వైపు నడిచాడు. ఆడ కానిస్టేబులు ఒకామె వచ్చి, "ఇలా ఇవ్వండమ్మా, నేను చూస్తాను," అని పిల్లను ఎత్తుకుంది.

సాక్షి బోనులో ముసలావిడ చెక్కకమ్మీ పట్టుకుని నిలబడింది. ఎదుటి బోను వైపు చూడలేదు. పేరు, వయసు, ప్రమాణం లాంటివన్నీ అయ్యాయి.

"ఆ రోజు మీరేం చేస్తున్నారు?" ప్లీడరమ్మ అడిగింది.

"మేడ మీద పసిదానికి స్నానం చేయిస్తున్నాను. అరుపులు విని గుమ్మంలోకి వచ్చాను."

"ఏం చూశారు?"

"ఆరిన బట్టలు పట్టుకుని దాని తల్లి మెట్లు దిగుతోంది. ఏదో మాటకు ఎదురు చెప్పినట్టుంది. వెనకనుంచి రెండు చేతులతో తోశాడు."

"జారిపడలేదా?"

"లేదు. మెట్లు పొడిగానే ఉన్నాయి. తోశాడు."

జడ్జిగారు రాయడం ఆపి కళ్ళజోడు తీశారు.

"ఆ తోసిన మనిషి ఈ గదిలో ఉన్నాడా అమ్మా?" ప్లీడరమ్మ అడిగింది. " ఉంటే చూపించండి."

ఆమె అంతసేపూ చూడని వైపు తల తిప్పింది. కమ్మీ మీంచి చెయ్యి ఒక పట్టాన లేవలేదు. చివరికి లేచింది.

అది చూపిన చోట ఆమె చిన్నకొడుకు నిలబడి ఉన్నాడు.