పనికిరాని రక్తం

ఐలీ కోస్కెలా బూట్లకంటిన మంచు దులుపుకోకుండానే ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులోకి వచ్చి, స్వెట్టరు చేయి పైకి లాగి బల్ల మీద పెట్టింది.

"తొందరగా కానీ అబ్బాయ్. ఓవెన్‌లో రొట్టె పెట్టొచ్చాను."

కొత్త ఇన్‌ఛార్జ్ ట్రెవర్ ఆమె కార్డు చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీ రక్తంలో ఇతరుల రక్తకణాల మీద దాడిచేసే యాంటీబాడీలున్నాయమ్మా. రోగులకు ఎక్కిస్తే వాళ్ళ ప్రాణానికే ముప్పు. తీసుకోకూడదు."

"ఉన్నాయని నాకు తెలీదా? ఎందుకు తీసుకుంటారో ల్యాబ్‌లో డోరీన్‌ని అడుగు."

"డోరీన్ కాలు విరిగి ఇంట్లో ఉంది. బదులొచ్చినావిడ కొత్త. మీరే చెప్పండి."

"నిన్నగాక మొన్నొచ్చినవాడికి నా గోడంతా విప్పి చెప్పాలా? చెప్పను. సూది తియ్యి."

"రూలు ఒప్పుకోదమ్మా."

"చెయ్యి నాది, రక్తం నాది. మధ్యలో నీ రూలు పెత్తనమేమిటి?"

విసవిసా వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది.

"మళ్ళీ వచ్చారా?"

"చచ్చేదాకా వస్తాను. నువ్వు విసుగుతావో నేను విసుగుతానో చూద్దాం."

ట్రెవర్‌కు ఒళ్ళు మండి, మళ్ళీ తిప్పి పంపేశాడు. డోరీన్‌కు ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. కానీ కుర్చీలో ఉన్నవాడికి కింది మనిషిని అడగడం నామోషీ.

ఆ తర్వాత ఐలీ రాలేదు. గుండె ఆగి చనిపోయిందని పేపర్లో చదివి, పాపం అనుకున్నాడు.

డోరీన్ చేతికర్రతో తిరిగి పనిలోకి వచ్చిన ఉదయమే ల్యాబ్‌లో రక్త పరీక్షలు ఆపేసింది.

"ఆపరేషన్‌కి రక్తం అడుగుతున్నారు! ఏమైంది?" అని ట్రెవర్ పరుగెత్తుకొచ్చాడు.

ఆమె నిన్నటితో ఖాళీ అయిన ఒక సీసా చూపించింది.

"యాంటీబాడీలున్నాయని ముందే తెలిసిన రక్తం నుంచి తీసింది దీన్లో ఉంచుతాం సార్. రోజూ ముందు దాని చుక్కతో పరీక్ష చేస్తాం. ఆ చుక్కకి రక్తకణాలు ముద్దకడితేనే మన పరీక్ష యాంటీబాడీల్ని పట్టుకుంటోందని నమ్మకం. ఆ నమ్మకం లేకుండా నేనెవరికీ రక్తం పంపను."

"ఇంకోటి తెప్పించు!"

"టొరంటో నుంచి రావాలంటే వారం. మనకెప్పుడూ ఆ అవసరం రాలేదు. ఇచ్చే మనిషి ఊళ్ళోనే ఉండేది."

"ఎవరు?"

డోరీన్ ఖాళీ సీసాను అతని ముందు పెట్టింది.

"తన రక్తంలోని యాంటీబాడీలే ఇద్దరు బిడ్డల్ని కడుపులో చంపేస్తే, 'నా పిల్లల్ని తిన్నదాని చేతే ఊరి పిల్లల్ని కాపాడిస్తాను, చూస్తూ ఉండు' అని పంతం పట్టి, ఇన్నేళ్ళూ ఈ సీసా నింపింది మన ఐలీ, సార్."