గేటు తెరుచుకుంటుందా?

"పాసైందోయ్!" అంటూ మా ఆయన నన్ను గిర్రున తిప్పేశారు. రైలు వస్తుండగా మా ఊరి రైల్వే గేటు తెరుచుకోదని, ఆ గేటును నడపడానికి ఆయన రాసిన కంప్యూటరు ప్రోగ్రాముకు లెక్కప్రకారం రుజువు దొరికింది. రేపే దాన్ని గేటుకు ఎక్కిస్తారట.

"మరి రైలు వెళ్ళాక తెరుచుకుంటుందని కూడా రుజువైందా?" నవ్వుతూనే అడిగాను.

ఆయన చేతులు సడలాయి.

"అది చూడనే లేదు. ఎప్పటికీ మూసుకునే ఉండే గేటైనా ఈ రుజువులో పాసైపోతుంది."

"ఆసుపత్రి ఉన్నది ఆ గేటుకి అవతలే కదండీ?"

ఆయన వెంటనే మేనేజరుకు ఫోన్ చేశారు. "సార్, రేపు వద్దు. సగమే రుజువైంది."

"మిగతా సగం ఎవరడిగారయ్యా, కొత్త పెళ్ళికొడుకా? ఉద్యోగం మీద మోజు తీరిందా?"

"ఇవాళ మా ఆవిడ అడిగింది సార్. రేపు అంబులెన్సులో వాళ్ళు అడుగుతారు."

ఫోన్ కట్టయింది. ఆయన ఒక చేత్తో కంప్యూటరు తెరిచి, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకున్నారు. నేను వదల్లేదు.