ఎవరూ కదలకండి

కోదండరామయ్య మాస్టారు ఒక కాలు గడప లోపల, ఒక కాలు గడప బయట పెట్టి నిలబడిపోయారు.

పక్కింటాయన. పేపరు అడిగి తీసుకుపోదామని వచ్చారు. ఆయన గడపలో కాలు పెట్టిన క్షణానే మనవాళ్ళు ఇరాన్‌వాళ్ళని ఆలౌట్ చేశారు.

"మాస్టారూ, మీ కాళ్ళట్టుకుంటా, అక్కణ్ణించి కదలకండి!" అని అరిచాడు గోపీనాథ్.

అంతే. ఏషియన్ గేమ్స్ కబడ్డీ ఫైనల్ అంతా ఆయనకి ఆ గుమ్మంలోనే గడుస్తోంది.

ఆ ఇంటి పద్ధతే అది. మనకి పాయింటొచ్చినప్పుడు ఎవరెక్కడుంటే అక్కడే ఉండిపోవాలి. ఇంటి పెద్ద అబ్బాయిరాజు మడతకుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని. ఆయన భార్య విజయకుమారి ఒళ్ళో గోరుచిక్కుళ్ళ చాటతో. కొడుకు గోపీనాథ్ మంచం పట్టె మీద.

కోడలు వీరదుర్గది మాత్రం వంటిల్లు. ఆమె హాల్లోకి వచ్చినప్పుడల్లా కూతకెళ్ళిన మనవాడు దొరికిపోతున్నాడని ఎవరో కనిపెట్టారు.

మొదట నవ్వులాటకే అన్నారు. ఇప్పుడెవరూ నవ్వట్లేదు.

ఆమె మళ్ళీ వచ్చింది. భుజాన ఏడాది దాటిన బాబు.

"ఏవండీ, ఒళ్ళు పెనంలా కాలిపోతోందండీ. మందు పట్టినా దిగట్లేదు. కైకలూరు తీసుకెళ్దాం."

"వచ్చావా!" టీవీ మీంచి కళ్ళు తీయలేదు గోపీనాథ్. "అదుగో, పోయాడు. చెప్పానా నాన్నా?"

"పోయిన నెల ఫిట్స్ వచ్చింది ఇలాంటి జ్వరానికేనండీ. ఈసారి వస్తే చూద్దాం చేద్దాం అనుకోవద్దన్నారు డాక్టరుగారు."

"ఐదు నిమిషాలమ్మా," అన్నారు మామగారు మెత్తగా. ఆయనెప్పుడూ మెత్తగానే అంటారు. "అయిపోగానే వాడే బండి తీస్తాడు. ఈలోపు తడిగుడ్డ వెయ్యి."

వేసింది. గుడ్డ వేడెక్కిపోయింది. ఇంకోటి వేసింది.

హాల్లోంచి కబుర్లు వినపడుతున్నాయి.

"పొద్దున్న మన బెజవాడమ్మాయి బాణాల్లో బంగారం కొట్టింది, చూశారా మాస్టారూ?"

"కొట్టదా మరి! అమలాపురం కుర్రాడి బ్యాడ్మింటన్ ఫైనల్ కూడా ఇవాళే. అదీ మనదే, రాసిపెట్టుకో."

"వంద పతకాలండీ! వంద!"

"ఇంకో వంద వస్తాయయ్యా," గుమ్మంలోంచి మాస్టారు. "పిల్లల్ని చిన్నప్పట్నుంచీ కనిపెట్టి చూసుకుంటే."

"నిజమేనండీ," అన్నారు మామగారు.

"మామూలప్పుడు గడప తొక్కితే ఊరుకుంటానా మాస్టారూ," అంది అత్తగారు. "దేశం కోసం ఊరుకుంటున్నా."

అందరూ నవ్వారు. ఎవరూ కదలకుండానే నవ్వారు.

ఆఖరి నిమిషంలో స్కోరు సమానమైంది. అప్పుడొచ్చింది తంటా. పాయింటు మాదంటే మాదని రెండు జట్లూ పట్టుబట్టాయి. రెఫరీలు ఒక మాట మీద లేరు. ఆట ఆపేశారు.

దుర్గ ప్రాణం లేచొచ్చింది.

"ఏవండీ, ఆపేశారుగా. ఈలోపు మమ్మల్ని దింపేసి వచ్చేయండి. నేనుంటాను అక్కడ."

"ఇప్పుడా? ఏ క్షణాన మొదలెడతారో! ఇప్పుడు గనక నేను లేచానంటే..."

"సమానంగా ఉన్నప్పుడే కదమ్మా కదలకూడనిది," అంది అత్తగారు.

టీవీలో ఆట లేదు. రెఫరీలు మూతులు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. నలుగురూ దాన్నే చూస్తున్నారు.

దుర్గ భుజం మీద బాబు పిడికిలి బిగిసింది. వదిలింది. మళ్ళీ బిగిసింది.

ఆమె బాబుని కొంగులో చుట్టుకుంది.

పెరటి గుమ్మంలోంచి వెళ్ళింది. ముందు గుమ్మంలో మాస్టారున్నారు గనక.

చేపల చెరువుల మధ్య రోడ్డు మీద ఐసు వ్యాను వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టింది. డ్రైవరు బాబు వంక ఒకసారి చూసి తలుపు తీశాడు.

దారంతా పిలుస్తూనే ఉంది.

"చరణూ, చరణ్‌తేజా, ఇటు చూడు నాన్నా. అమ్మని చూడు."

వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమెని చూడట్లేదు.

కైకలూరులో పిల్లల డాక్టరుగారు ఇంజక్షను చేశారు. ముక్కుకి గొట్టం పెట్టారు. పెట్టి, "కాస్త ముందు తేవాల్సిందమ్మా," అన్నారు. "ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. అంబులెన్సు పిలుస్తున్నాం."

ఆ మాట ఆమెకి పూర్తిగా ఎక్కకముందే ఫోను మోగింది.

"గెలిచాం దుర్గా!"

గోపీనాథ్. వెనక ఈలలు, పళ్ళెం మీద గరిటె మోత. స్కోరు చెప్పాడు. ఆఖరి పాయింటు ఎలా వచ్చిందో చెప్పాడు.

"నువ్వు పెరడు దాటాకే ఆ రెఫరీలకి బుద్ధొచ్చింది, తెలుసా! అమ్మ కూడా అదే అంటోంది. సాయంత్రం కుస్తీ ఫైనల్ ఉందంట. అది కూడా అయ్యాక వద్దువుగాని!"

అవతల అందరూ నవ్వారు.

బాబుకెలా ఉందని కూడా అడిగాడేమో. ఆ మోతలో వినపడలేదు.

నర్సు సెలైను సీసా చేతిలోకి తీసుకుంటూ అడిగింది. "బాబు వాళ్ళ నాన్నగారాండీ? అంబులెన్సు దగ్గరికి వచ్చేస్తున్నారా?"

దుర్గ ఫోను ఆపేసింది. బాబు పాదాన్ని గుప్పిట్లోకి తీసుకుంది.

"ఎవరోనండీ," అంది. "స్కోరు చెప్పారు."