సాయంత్రం లేచే గీత

"ఇవాళ కూడా లేచింది," అంటూ అతను ఫోను భార్య ముఖం ముందు పెట్టాడు. "ఎవరొచ్చారు?"

ఎవరూ రాలేదని చెప్పి ఆమె కంచం పెట్టింది.

తెర మీద ఎర్రగీత పగలంతా చదునుగా పాకి, సాయంత్రం ఒక్కసారిగా నిలువునా లేచింది. అది ఆమె గుండె వేగం. మణికట్టుకున్న నల్ల బ్యాండు నుంచి నేరుగా అతని ఫోనులోకి వస్తుంది. అతను ఒక గోడౌన్‌కి ఇన్‌చార్జి. సరుకు ఎక్కడ కదిలినా తనకు తెలియాలంటాడు. ఒకటి కొంటే ఒకటి ఉచితమని రెండు బ్యాండ్లు తెచ్చి, మీ ఆరోగ్యం కోసమేనంటూ భార్యకొకటీ తల్లికొకటీ కట్టాడు. తల్లి గీత మాత్రం ఏనాడూ చూడలేదు. ముసలావిడ గుండెలో దొంగతనం ఏముంటుంది?

"గిన్నెలు తోముతుంటానండీ. అందుకేమో."

"పొద్దునా తోముతావుగా. అప్పుడు లేవదేం? రోజూ వీధి దీపాలు వెలిగే వేళే ఎందుకు? ఆదివారమైతే పొద్దస్తమానం ఎగుడుదిగుడే. నేను ఎదురుగా ఉన్నా వాణ్ణే తలుచుకుంటున్నావన్నమాట."

తల్లిని పిలిచి, ఆ వేళకి ఎక్కడుంటున్నావని అడిగాడు.

"నా గదిలో, నాయనా. పాపని చదివిస్తుంటాను."

"తలుపు?"

"గడియ పెట్టుకుంటాను."

"ఎందుకు?"

ఆవిడ కోడలి వైపు చూసి, గాలికి కొట్టుకుంటుందని నసిగింది. అతను ఆ చూపు పట్టేశాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారు.

పై వాటాలో సంగీతం మాస్టారు ఒక్కడే ఉంటాడు. అతను పైకి వేలు చూపించి, రేపటితో తేలిపోతుందన్నాడు. తేలాక ఆమె పెట్టె సర్దుకుని పుట్టింటికి పోవచ్చు, పాప మాత్రం ఇక్కడే ఉంటుంది. ఆమె గ్లాసులో నీళ్లు పోస్తూనే ఉంది. అంచు దాటి బల్లంతా తడిసింది. తల్లి గుడ్డ తెచ్చి తుడిచింది. గుమ్మంలో పెట్టె పెట్టాక వెళ్లినవాళ్లు తిరిగిరావడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు ఆలస్యమవుతుందని ఇంటికి ఫోన్ చేసి, పెందలాడే బయల్దేరాడు. బండి సందు చివరే ఆపాడు. నడుస్తున్నంతసేపూ వేలికి తిప్పుకునే గోడౌన్ తాళాల గుత్తిని ఆ రోజు పిడికిట్లో బిగించి, పిల్లిలా మెట్లెక్కాడు.

మలుపులో నిలబడి ఫోను తీశాడు. గీత చదునుగానే ఉంది. పై వాటాకి తాళం వేసి ఉంది. అంతలో లోపలి నుంచి భార్య నవ్వు వినిపించింది. పెళ్లైన కొత్తలో తప్ప అతను ఆ నవ్వు వినలేదు. ఇంతగా నవ్వించేవాడు ఎవడు? కోపంతో ఒళ్లు మండి, చెయ్యి దాని అలవాటు ప్రకారం తాళాలను గలగలా తిప్పింది.

గీత నిలువునా లేచింది.

దొరికాడనుకుంటూ తలుపు తెరుచుకుని లోపలికి దూకాడు. వంటింట్లో భార్య ఒక్కతే తడిచేతులతో నిలబడి ఉంది. స్నానాలగది చూశాడు, బాల్కనీ చూశాడు, బీరువా వెనక చూశాడు. తల్లి గదికి గడియ ఉంది. కాలితో తన్నాడు. ఆవిడ తీసింది. మంచం కింద ఏదో కదిలింది. వంగి కాలు పట్టి బయటికి లాగాడు.

పాప.

"దాగుడుమూతలాడుతున్నాం, నాయనా," అంది తల్లి గబగబా.

ఇంట్లో ఇంకెవరూ లేరు. అతను రొప్పుతూ ఫోను వైపు చూశాడు. బ్యాండు చెడిపోయి తప్పుడు గీతలు గీస్తోందేమో. ఇంకోదానితో పోల్చి చూస్తే తెలిసిపోతుంది. మొట్టమొదటిసారి తల్లి గీత తెరిచాడు.

అది కూడా తాళాలు మోగినప్పుడే లేచింది.