మేకుకు వేలాడిన రొట్టె

గుమ్మం పైకమ్మి ఠంగున నుదుటికి తగిలింది. ముసలాయన తిట్టుకుంటూ లోపలికొచ్చాడు. అడ్డంగా కట్టిన తాడు దాటి, పెద్దవాళ్లు కూర్చునే పరుపు మీద చతికిలబడ్డాడు.

"లేవండి తాతా, అది మ్యూజియం వస్తువు," అంది గైడు మవ్లూద.

"కూర్చోడానికి కుట్టిన పరుపేగా. కాస్త టీ పొయ్యి. ఆ పట్టు పెట్టె అక్కడ కాదమ్మాయ్, కిటికీ కింద ఉండేది. అమ్మ దానిమీద కూర్చుని నాన్న కోసం దారి చూసేది."

అది మర్గిలాన్ ఊళ్లో పట్టు నేతగాడు మద్రహీం ఇల్లు. ఇంటివాళ్లు ఎవరూ మిగల్లేదు. జనం వచ్చేది గోడ మేకుకు వేలాడే ఎండురొట్టెను చూడ్డానికి. చిన్నకొడుకు సాదిక్ యుద్ధానికి పోతూ దాన్ని ఒక్క కొరుకు కొరికాడు. తిరిగొచ్చి మిగతాది అతనే తినాలని అక్కడి ఆచారం. ఇంకొకడు తిన్నాడంటే వెళ్లినవాడు ఇక రాడనే అర్థం. తల్లి చచ్చేదాకా దాని దుమ్ము దులిపింది.

"ఆ రొట్టె దించు. దానికోసమే వచ్చాను."

మవ్లూద పరుగున వెళ్లి డైరెక్టర్ ఎర్గష్‌ని పిలుచుకొచ్చింది.

"ఈ ఏడాది నువ్వు మూడో సాదిక్‌వి," అన్నాడు ఎర్గష్. "కాగితాలేవి?"

"లేవు."

"పంటిగాటు పోల్చి చూద్దామంటే నోట్లో పన్నే లేదాయె."

"రాలగొట్టినవాళ్లని అడుగు."

"యాభై ఏళ్లు ఎక్కడ చచ్చావు?"

"శత్రువుల చెరలో. తర్వాత, శత్రువుకి ఎందుకు చిక్కావని, మనోళ్ల చెరలో. ఆ తర్వాత సిగ్గుతో నా కొంపలో."

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలువు. వాళ్లొచ్చేలోగా అయిపోతుంది."

లేచి రొట్టె దించాడు. విరిచి, మవ్లూద పోసిచ్చిన టీలో ముంచి, చిగుళ్లతో నమలసాగాడు. ఎర్గష్ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఒకడు కొరికి వెళ్లిన రొట్టెను ఇంకొకడు ముట్టడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు.

ముసలాయన చివరికి అరచేతిలో పొడి కూడా నాకేశాడు.

ఎర్గష్ గుండెమీద చెయ్యి పెట్టుకుని వంగాడు. "క్షమించు సాదిక్ తాతా. నీ ఇంట్లో నిన్నే నిలదీశాను."

"సాదిక్‌ని మంచులో ఈ చేతుల్తోనే పూడ్చాను, అమ్మ ఇంక దారి చూడకూడదు, నువ్వెళ్లి నా రొట్టె తినెయ్యరా అని పోతూ పోతూ ఒట్టేయించుకున్నాడు," అన్నాడు ముసలాయన, నుదుటిమీద బొప్పి తడుముకుంటూ.