వేరే సబ్బు

ఆ రోజు కూడా భర్త తడి తలతో ఇంటికొచ్చాడు.

"బయట వాన పడుతోందా?" అడిగింది భార్య.

"లేదే."

"మరి ఆ తలేంటి?"

"చెమట."

చెమటకి సబ్బు వాసన రాదు. అదీ తమ ఇంట్లో వాడని సబ్బు.

పొద్దున వేసుకెళ్ళిన చొక్కా మడత నలగకుండా తిరిగొస్తోంది. రోజంతా పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే మనిషి చొక్కాకి మసి అంటదా?

పాప మటుకు ఈ మధ్య కాస్త కుదురుకుంది. ఒక్కచోట కూర్చోదనీ, పక్కపిల్లల్ని కొరుకుతుందనీ టీచరు ఫిర్యాదు చేయని రోజు ఉండేది కాదు. అలాంటిది నిన్న ఒక బొమ్మకి చివరిదాకా రంగులేసింది. అంతా తన బెత్తం మహిమే అనుకుంది తల్లి.

ఇక దారిలో పెట్టాల్సింది తండ్రినే.

మర్నాడు సాయంత్రం పాపని చంకనేసుకుని భర్త పనిచేసే షెడ్డు మలుపులో కాపు కాసింది. భర్త నేరుగా కళ్ళద్దాలావిడ ఇంట్లోకి వెళ్ళాడు. ఒంటరిది, వీధిలో ఎవరితోనూ కలవదు. అతని వెనకే ఇంకో ఇద్దరు మగాళ్ళు. కాసేపటికి అందరూ తలలు తుడుచుకుంటూ బయటికొచ్చారు.

వాళ్ళు వెళ్ళాక గేటు తోసింది. పెరట్లో తీగ మీద అన్నీ మగవాళ్ళ చొక్కాలే.

"ఏమ్మా, మా ఆయనకి ఇంట్లో నీళ్ళు కరువయ్యాయా?"

కళ్ళద్దాలావిడ గబగబా అడ్డం వచ్చింది. "పాపని లోపలికి తేకమ్మా. గేటు అవతలే ఉండు."

"ఎందుకు? చూడకూడనివి ఉన్నాయా?"

"పాప వేళ్ళు నోట్లో పెట్టుకుంటోంది, తీసెయ్యి."

"నా పిల్ల సంగతి నీకెందుకు? ముందు ఆ చొక్కాల కథ చెప్పు!"

ఆవిడ తల దించుకుంది. "మీ ఆయన్నే అడుగు తల్లీ. నేను చెప్పనని మాటిచ్చాను."

ఆయన్ని అడిగితే ఇంకో అబద్ధం దొరుకుతుంది, అంతే. తిన్నగా ఆవిడ ఇంటి ఓనరు దగ్గరికి వెళ్ళి, మగాళ్ళు వచ్చిపోతున్నారని చెప్పింది. వీధిలో ఆడవాళ్ళూ తలో మాటా వేశారు.

వారం తిరక్కుండానే కళ్ళద్దాలావిడ ఇల్లు ఖాళీ చేసింది. సామాను ఒక చిన్న వ్యాన్‌లో పట్టింది. అందులో సగం బకెట్లే.

ఆ సాయంత్రం భర్త గుమ్మం బయటే ఆగిపోయాడు. తల నిండా బూడిదరంగు దుమ్ము.

"నాన్నా!" అంటూ పాప పరుగెత్తింది.

"రావద్దు! దాన్ని పట్టుకో!"

"కన్నకూతురు కూడా చేదైందా?"

"ఆ ఇంటికి తాళం వేసుంది. ఇలా లోపలికెలా రాను?" అతను దూరంగా మెట్టు మీద కూలబడ్డాడు. "పాపకి రక్తం తక్కువ, అందుకే మందు అన్నాను కదా. తక్కువ కాదు. రక్తంలో సీసం ఉంది. ఎక్కువేం కాదన్నాడు డాక్టరు. కానీ కుదురు పోవడానికీ, ఊరికే కోపం రావడానికీ పిల్లలకి ఆ కొంచెమే చాలట."

"సీసం మనింట్లోకి ఎలా..." అంటూనే ఆమె అతని చొక్కా వైపు చూసింది.

"నేనే తెచ్చాను. నీకెలా చెప్పను?"

తలుపు వెనక బెత్తం కనిపించింది. ఆమె పాపని దగ్గరికి లాక్కుంది.

"మరి ఆవిడ..."

"షెడ్డులో కుళాయి లేదు. పిల్లలున్న వాళ్ళందరినీ పిలిచి స్నానానికి నీళ్ళు పెట్టేది. మా పని బట్టలు తనే ఉతికేది."

"ఎందుకని?"

"నాకు ముందు ఆ కొలిమి దగ్గర పనిచేసినాయన భార్య ఆవిడ, ఆయన చొక్కాలూ కొడుకు బట్టలూ ఒకే బకెట్లో నానేసేదట, వాడు కుదురుగా ఉండడంలేదని రోజూ కొట్టేదట."