ఒక్క వేలు

తువ్వాలు చాటున చేయి పెట్టి వేంకటసుబ్రహ్మణ్య రాజా ఎదురు చూశాడు. పత్తి అయినా, ఎద్దులైనా అళగిరి నాయకర్ తువ్వాలు కింద వేళ్లు పట్టుకునే బేరం తేలుస్తాడు. రాజపాళయంలో ఆయన్ని గెలిచినవాడు లేడు.

ఈసారి అళగిరి చేయి చాచలేదు.

"మీరు అడిగినంతే ఇస్తాను. కారు తాళంచెవి ఇవ్వండి."

రాజా నమ్మలేకపోయాడు.

"యుద్ధంలో, నలభై రెండులో, ఇదే కారును ఒక్క వేలు దగ్గర వదిలిపెట్టి పోయినారే నాయకర్! ఒక్క వేలంటే యాభై రూపాయలు. అప్పుడు గుర్రంలా ఉండె. పెట్రోలు దొరక్క నాలుగేళ్లు ఇటికల మీద నిలబెట్టినాను. ఇప్పుడు ఉట్టి ఇనుము."

"తెలుసు."

అళగిరి రెండెడ్లు కట్టి కారును ఇంటికి లాగించాడు. మెకానిక్ చెల్లయ్య బానెట్ ఎత్తాడు. టైర్లు పగుళ్లిచ్చాయి. సీటు నిండా ఎలుకల గూళ్లు.

"ఇన్నాళ్లూ ఎలుకలు కాపురం చేసినాయి మొదలాళీ. బాడుగ వసూలు చేయండి."

యజమాని అళగిరి నవ్వలేదు. "ఎన్నాళ్లు పడుతుంది?"

"నెల. అంత అవసరం ఏముంది?"

"బొమ్మి కోసం."

చెల్లయ్య తల దించుకుని స్పానర్ అందుకున్నాడు.

బిగుసుకున్న ఇంజన్‌లో కిరోసిన్ పోసి మూడు రోజులు నానబెట్టారు. కార్బరేటర్‌లో ఎండిన పెట్రోలు బెల్లం పాకంలా పట్టింది. గీకి కడిగారు. మదురై నుంచి కొత్త టైర్లు వచ్చాయి. వెనక సీటును అళగిరి తానే జానలతో కొలిచాడు. ఆరేళ్ల పిల్ల కాళ్లు చాపి పడుకునేంత ఉండాలి. ఉంది.

భార్య సంతానలక్ష్మి గడపలో నిలబడి చూసింది. అళగిరి తమ కూతురు బొమ్మి బొంత తీసుకువెళ్లి ఆ సీటు మీద పరుస్తుంటే చేయి పట్టుకుంది.

"ఇంక కారెందుకు? విడిచిపెట్టండి."

"ఆసుపత్రి దాకా పోవాల. ఒక్కసారి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇరవై రెండో రోజు పొద్దున, చెల్లయ్య ఏడోసారి హ్యాండిల్ తిప్పగానే కారు దగ్గింది. నల్లటి పొగ కక్కింది. తర్వాత నిలకడగా ఊపిరి పీల్చింది. అళగిరి గడియారం బయటికి తీశాడు.

"శ్రీవిల్లిపుత్తూరు పెద్దాసుపత్రికి. వేగంగా పో. గుంటలు చూసి పో."

మంసాపురం మలుపు దగ్గర మేకలు అడ్డం వచ్చాయి. అళగిరి కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచాడు. ఆయన అలా అరవడం చెల్లయ్య ఎప్పుడూ వినలేదు. ఒక గుంటలో చక్రం పడి కారు ఎగిరింది. ఆయన చటుక్కున వెనక్కి తిరిగి బొంత సర్దాడు.

ఆసుపత్రి గేటు ముందు కారు ఆగింది. ఎవరూ దిగలేదు.

"ఎంత అయింది మొదలాళీ?" చెల్లయ్య మెల్లగా అడిగాడు.

"ఇరవై ఆరు నిమిషాలు."

నాలుగేళ్ల కిందట, ఒక్క వేలు దగ్గర కారు వదులుకున్నాక, ఇదే దారిన అళగిరి ఎద్దుబండి రెండున్నర గంటలు నడిచింది. అందులో రెండు గంటలు బొమ్మికి ఊపిరి ఆడుతూనే ఉంది.